నాని గారి చెయ్యి తిరిగిన ఎండాకాలం

నాని గారి గిటార్ గురించి ముందు చెప్పాలి. ఆయన కూడా ఎవరు కలిసినా ముందు దాని గురించే చెప్పేవాడు. అమెరికాలో తయారైందట. దాని చెక్క ఏ చెట్టుదో, ఆ చెట్టు ఏ దేశంలో పెరుగుతుందో, కోశాక ఎన్నేళ్ళు ఆరబెడతారో అన్నీ వివరించేవాడు. వాయించడం ఒక్కటి తప్ప దాని గురించి ఆయనకు తెలియని సంగతి లేదు.

వాళ్ళ తాతగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి వైపు భూములు కొన్నారు. ఇప్పుడు పామాయిల్ తోటలు, ఎరువుల దుకాణం, జూలూరుపాడు రోడ్డు మీద ఏసీ ఫంక్షన్ హాలు. నాని అనేది ఇంట్లో ముద్దుపేరు. నలభై దగ్గరపడినా అది పోకపోవడంతో ఊరే దానికి ఒక గారు తగిలించింది. తోటలు తండ్రి చూసుకుంటాడు, దుకాణం గుమాస్తా చూసుకుంటాడు, హాలు మేనేజరు చూసుకుంటాడు. నాని గారు అద్దం చూసుకుంటాడు.

మా అన్న బలరాంకు ఒక ఆర్కెస్ట్రా ఉంది. పెద్ద పేరున్నదేమీ కాదు. కీబోర్డు అన్న, డ్రమ్ ప్యాడ్స్ ఒకతను, పాడేవాళ్ళు ఇద్దరు, సౌండ్ మిక్సర్ దగ్గర బొజ్జయ్య, గిటార్ నేను. పగలంతా మీసేవలో కూర్చుని జనానికి కులం, ఆదాయం సర్టిఫికెట్లు తీసిచ్చే హేమలతను ముహూర్తాల రోజుల్లో స్టేజీ ఎక్కేదాన్ని. భద్రాచలంలో రాములవారి కల్యాణం అయిందంటే మాకు పెళ్ళిళ్ళు మొదలైనట్టే. అందులో సగానికి పైగా నాని గారి హాల్లోనే.

నా గిటార్ ఆన్‌లైన్‌లో కొన్నది. మా తండాకు కొరియర్ రాడు కాబట్టి మీసేవ అడ్రసుకు తెప్పించుకున్నాను. చైనాది. దాని తల మీదున్న పేరు పలకడం నాకే రాదు. లేత ఆకుపచ్చ రంగు. యాడి, అంటే మా అమ్మ, చూడగానే ఇది బక్కెట్ రంగు అంది. నాని గారి గిటార్ పెట్టుకునే పెట్టె ఖరీదుకే ఇలాంటివి రెండు వస్తాయి. విప్పిన రోజున మెడ మీద అడ్డంగా ఉండే సన్నటి లోహపు బద్దల, అంటే ఫ్రెట్ల, చివరలు చేతికి గీసుకున్నాయి. తీగలు మరీ ఎత్తుగా ఉండి వేళ్ళు మంటపుట్టాయి. గోళ్ళు అరగదీసుకునే రేకుతో ఆ చివరలు నున్నగా చేశాను. దాంతోపాటే వచ్చిన చిన్న రెంచితో తీగలు కిందికి దించాను. తర్వాత ఆ తీగలే పీకేసి మంచివి వేశాను. ఒక ఆదివారం పోయింది.

ఆ సాయంత్రం అది పలికిన తీరుకు నాకే నవ్వొచ్చింది. ఇంత చవకది ఇంత బాగా పలకడానికి దీనికేం పుట్టింది అనిపించింది. మెడ నిటారుగా ఉంది. ఎక్కడ నొక్కినా స్వరం తప్పదు. తీగ లాగితే మనిషి గొంతు సాగినట్టు సాగుతుంది. ఇప్పుడు చెక్క కోసేవి మిషన్లు. ఏది పెద్దింటికి పోతుందో ఏది తండాకు పోతుందో మిషన్‌కు తెలియదు, రెండూ ఒకేలా కోస్తుంది. లోపం లేదని అనను. మూడో తీగ పాటకోసారి కాస్త శ్రుతి దిగుతుంది, ఒక మెలి తిప్పుకోవాలి. కానీ దాన్ని చూసి భయపడక్కర్లేదు, అది పెద్ద సుఖం. వ్యాన్‌లో స్పీకర్ల మధ్య ఇరికించొచ్చు. ఒకసారి మేక వచ్చి నాకిపోయింది, తుడుచుకుని వాయించాను.

ఆ ఎండాకాలం మొదట్లో నాని గారు అన్నను పిలిపించి, ఇకనుంచి తమ హాల్లో జరిగే ప్రోగ్రాములన్నిటికీ లీడ్ గిటార్, అంటే పాట మధ్యలో వచ్చే బిట్లన్నీ, తానే వాయిస్తానన్నాడు. తనకు డబ్బులేమీ వద్దని కూడా అన్నాడు, అదొక దానం అన్నట్టు. హాలు ఎవరిదో గుర్తున్న అన్న, సరే సార్ అని వచ్చాడు.

మొదటి ప్రోగ్రాంలో ఆయన నిజంగానే వాయించాడు. పాట ఒక దారిన పోతుంటే ఆయన గిటార్ ఇంకో దారిన, మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటూ పోయింది. పెళ్ళికొడుకు మేనమామ స్టేజీ దగ్గరికి వచ్చి, జనరేటర్‌లో ఏదో తేడాగా ఉంది చూడమని బొజ్జయ్యకు చెప్పి వెళ్ళాడు.

మర్నాడు అన్న ఉపాయం ఆలోచించుకుని వచ్చాడు.

"నువ్ స్పీకర్ ఎనక కూసో హేమా. ఆయన చానల్ బొజ్జయ్య బంద్ జేస్తడు, నీది పెంచుతడు. ఎవరికి తెలుస్తది?"

"ఆయనకు?"

"నువ్ ఎనక రిథం వాయిస్తున్నవని చెప్త."

ఒక్క పాటకే ఆయనకు తెలిసిపోతుందని నేననుకున్నాను. తీగ ముట్టుకున్న ఏ మనిషికైనా ఆ చప్పుడు తనదో కాదో తెలుస్తుంది కదా. అంత మర్యాద కూడా ఆయనకు ఎక్కువేనని తర్వాత తేలింది. నల్లద్దాలు పెట్టుకుని ముందు నిలబడ్డాడు. నేను పెద్ద స్పీకర్ వెనక, బోర్లించిన కూల్‌డ్రింకు డబ్బా మీద కూర్చున్నాను. సందులోంచి ఆయన మడమలు, కుడి మోచెయ్యి కనబడేవి. నా స్వరం పైకి పోతుంటే ఆయన చెయ్యి కిందికి పోయేది. నేను ఆపేసినా ఆయన ఇంకా వాయిస్తూనే ఉండేవాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన చెమటలు కక్కుతూ దిగివచ్చి అన్న భుజం తట్టాడు.

"చూశావా బలరాం, ఇయ్యాళ చెయ్యి తిరిగింది."

అన్న తల ఊపాడు. నేను వైర్లు చుట్టుకున్నాను.

వైశాఖమంతా అలాగే నడిచింది. ఆయనకు నిజంగానే తెలియదా అని బొజ్జయ్య ఒకసారి అడిగాడు. నాకు తోచింది చెప్పాను. ఎండ వేళకు నీళ్ళు, అడిగిన వేళకు డబ్బు, చెయ్యెత్తిన వేళకు కారు అన్నీ పుట్టినప్పటినుంచి ఎక్కడినుంచో వాటంతటవే వస్తున్న మనిషి. పాట మాత్రం ఎవరు వాయిస్తే వస్తోందని ఎందుకు ఆలోచిస్తాడు?

పైగా నామీద జాలిపడేవాడు. ప్రోగ్రాం అయ్యాక నా గిటార్‌ను రెండు వేళ్ళతో పైకెత్తి, కోడిపిల్లను తూచినట్టు తూచి, "రిథంకి సరిపోద్దిలే చెల్లెమ్మా. లీడ్‌కి మాత్రం చెక్క ఉండాలి. చెక్కే పాడుద్ది," అనేవాడు. ఖమ్మం నుంచి ఒక యూట్యూబ్ చానల్ వాళ్ళు వచ్చి ఆయనతో ముచ్చట పెట్టారు. ఈ సౌండ్ రహస్యం ఏమిటని అడిగితే మళ్ళీ ఆ చెట్టు, ఆ దేశం మొదలుపెట్టాడు. వీడియోలో ఆయన ముఖం కింద నా వాయింపు పోసి వదిలారు. మీసేవలో క్యూ లేనప్పుడు ఫోన్లో చూశాను. కింద ఎవరో పెద్దమనిషి, చవక గిటార్లు వాయించేవాళ్ళు ఇది విని సిగ్గు తెచ్చుకోవాలని రాశాడు.

దాన్ని తీసుకెళ్ళి అన్నకు చూపించాను. అన్న సగం చూసి ఫోన్ తిరిగి ఇచ్చాడు. ఈ ఒక్క సీజన్ ఓర్చుకోమన్నాడు. హాలు చేజారితే వ్యాన్‌ను ఇంటిముందు పెట్టుకుని పూజ చెయ్యాలన్నాడు. ఆడపిల్ల వెనకున్నా ముందున్నా సౌండ్ ఒకటే కదా అని కూడా అన్నాడు. నేను ఇంటర్ చదివేటప్పుడు, ఎవరో పారేసిన గిటార్ తెచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని తీగల మీద పెట్టి నేర్పిన మనిషి ఆ మాట అన్నాడు. నాని గారు ఎన్ని అన్నా నాకు దోమ కుట్టినంత. ఇది అలా కాదు.

అవి బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. యాడి తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, వాకిట్లో కూర్చుని, కల్లంలో అప్పజెప్పడానికి కట్టలు కడుతోంది. మా మాటలన్నీ వింటూనే ఉంది. తలెత్తకుండా అంది.

"నేను కోసిన ఆకు కల్లంల ఇంకొగని పేరు మీద రాస్తే ఊకుంటనా బలరాం?"

అన్న చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

జ్యేష్ఠంలో నాని గారి చెల్లెలు లిఖిత పెళ్ళి కుదిరింది. ఆ ముచ్చట చెప్పడానికి ఆయనే కారు వేసుకుని తండాకు వచ్చాడు. అన్న తెచ్చి వేసిన కుర్చీని చేతి రుమాలుతో దులిపి కూర్చున్నాడు. మధ్యాహ్నం విందుకు మా ఆర్కెస్ట్రానే అన్నాడు. పెళ్ళికొడుకు వాళ్ళది ఏలూరు వైపని, సంగీతం తెలిసినవాళ్ళని చెప్పాడు. బొజ్జయ్య ఆ పక్కనే కూర్చుని తెగిన వైరు అతికిస్తున్నాడు. తర్వాత నాని గారు నావైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, వేరేగా అనుకోబాకు. నీ గిటార్ వెనకనుంచి కలవటం వల్ల నా సౌండ్ పాడైపోతుంది. ఆ రోజుకి నేనొక్కణ్ణే వాయిస్తా. నువ్వు అమ్మని తీసుకుని భోజనానికి రా."

కార్డు నా చేతిలో పెట్టాడు, పసుపు కుంకుమ అద్దినది. నేను అన్నవైపు చూశాను. బొజ్జయ్య కూడా వైరు వదిలి అన్నవైపే చూశాడు. ఒక్క మాట చాలు. అన్న నేలకేసి చూస్తూ, "సరే సార్," అన్నాడు.

నాకు నాని గారి మీద కోపం రాలేదు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలంటే ముందు ఆయన్ను ఒక మనిషిగా లెక్కలోకి తీసుకోవాలి. అన్నతో మాత్రం ఆ రోజునుంచి అవసరానికి మించి మాట్లాడలేదు.

పెళ్ళి పొద్దున అన్నే వచ్చాడు. ఆయనకు తెలియకుండా వెనక కూర్చొమ్మని, ఇదే ఆఖరుసారని బతిమాలాడు. నేను భోజనానికి వస్తానని చెప్పాను. అయినా నా గిటార్ తీసుకెళ్ళి వ్యాన్‌లో పెట్టుకున్నాడు.

హాలు నిండా జనం. యాడి రానంది, నేనొక్కదాన్నే పోయి వెనక వరసలో కూర్చున్నాను. స్టేజీ మీద నాని గారు పట్టు లాల్చీలో, నల్లద్దాల్లో మెరిసిపోతున్నాడు. పాట మొదలైంది. మొదటి చరణానికి ముందు గిటార్ బిట్ రావాలి. రాలేదు. బొజ్జయ్య అలవాటు ప్రకారం ఆయన చానల్ బంద్ పెట్టాడు, నా చానల్‌లో నేను లేను. ఉత్త ప్యాడ్స్ దడదడమంటుంటే, వాటి మీద అన్న కీబోర్డు ఏదో ఒక అతుకు వేసుకుంటూ పోయింది. నాని గారు మాత్రం కళ్ళు పైకెత్తి, తల ఊపుతూ, వేళ్ళు పరుగెత్తించాడు. పాట అయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను చుట్టూ చూశాను. సంగీతం తెలిసిన ఏలూరువాళ్ళు పులిహోర బాగుందని చెప్పుకుంటున్నారు. ఒక్కరికీ ఏమీ తక్కువైనట్టు లేదు. ఇంత ఎండాకాలం ఆ ఉక్కలో, ఆ దుమ్ములో నేను చెమటోడ్చి వాయించింది ఈ చెవుల కోసమా అనిపించింది.

రెండో పాట కూడా అలాగే అయ్యాక నా పక్క కుర్చీలో ఎవరో వచ్చి కూర్చున్నారు. పున్నమ్మ గారు, నాని గారి తల్లి. ముఖంలో పెళ్ళి అలసట. నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"ఇయ్యాళ వెనకాల కూర్చోలేదేం అమ్మాయ్?"

నేను ఆమెవైపు తిరిగాను. "మీకు తెలుసా అమ్మా?"

"వంటవాళ్ళ దగ్గరికెళ్ళే దారి స్టేజీ వెనకనుంచే కదా. మొదటిరోజే చూశాను."

"మరి ఆయనకు చెప్పలే?"

"ఏం చెప్పను. చిన్నప్పటినుంచీ వాడికి ఏదీ చేతకాలేదు. ఇన్నాళ్ళకి నలుగురూ మెచ్చుకుంటుంటే ముఖం ఎట్లా ఉందో చూడు. ఉండనీలే అనుకున్నాను." ఆమె నా చెయ్యి పట్టుకుంది. "వెళ్ళి కూర్చో తల్లీ. వియ్యాలవారిలో ఒక్కరన్నా కనిపెడితే తలవంపులు. కాసేపు వాయిస్తే నీకేం పోతుంది?"

ఆ మాట ఆమె ప్రేమగానే అంది. నాకేం పోతుందో ఆమెకు నిజంగానే తెలియదు. కొడుకును చూసి నేను ఇన్నాళ్ళు ఆశ్చర్యపోయాను, తల్లిని చూశాక అదీ పోయింది. నేను లేచాను. ఆమె తృప్తిగా నా చెయ్యి వదిలింది.

స్పీకర్ వెనక డబ్బా మీద నా గిటార్ సిద్ధంగా ఉంది, వైరు తగిలించే ఉంది. అన్న ఆశ అది. భుజాన వేసుకుని శ్రుతి చూసుకున్నాను. వైరు పొడుగ్గానే ఉంది. దాన్ని చేత్తో విడిపించుకుంటూ పక్క మెట్లెక్కి స్టేజీ మీదికి వచ్చి, నాని గారికి అవతలి చివర నిలబడ్డాను. అన్న నన్ను చూసి ఒక మీట తప్పు నొక్కాడు. బొజ్జయ్య చూసి, ఏమీ అడక్కుండా, నా చానల్ పైకి తోశాడు.

పాత ప్రేమపాట ఒకటి నడుస్తోంది. రెండో చరణానికి ముందు అందులో పొడుగాటి గిటార్ బిట్ ఉంది. అందుకున్నాను. తొందరపడలేదు. ఒక్కో స్వరం దాని చోట దాన్ని నిలబెట్టి, సాగాల్సిన చోట సాగనిచ్చాను.

నాని గారి వేళ్ళు అప్పటికే పరుగులో ఉన్నాయి. మధ్యలో ఎందుకో నావైపు తిరిగాడు. ఆయన చెయ్యి ఆగిపోయింది. పాట ఆగలేదు. ఆయన తన చేతికేసి చూసుకున్నాడు, మళ్ళీ నా చేతికేసి చూశాడు. ఎండాకాలమంతా విన్న ఆ గొంతును ఆయన మొదటిసారి విన్నాడు. నల్లద్దాల వెనక ఏమైందో నాకు కనబడలేదు. నాలుగు దెబ్బలు తాళం గడిచింది. తర్వాత జనంవైపు తిరిగి, నవ్వి, మళ్ళీ వేళ్ళు కదిలించడం మొదలుపెట్టాడు.

తినేవాళ్ళు తింటూనే ఉన్నారు. ముందు వరసలో ఒక ముసలాయన మాత్రం విస్తరి మీద చెయ్యి ఆపి తలెత్తి చూశాడు. పాట కోసమే ఆగాడని గొప్పలు పోను, ఆయనకు కూర రాలేదేమో కూడా.

ఆ పెళ్ళి తర్వాత హాల్లో మాకు ఇవ్వడానికి తేదీలేవీ ఖాళీ లేకుండా పోయాయి. మేనేజరు ఫోన్లో ఎంతో మర్యాదగా చెప్పాడు. అన్న ఇంట్లో కూర్చున్నాడు. నాకు చెప్పాల్సినవి యాడికి చెప్పేవాడు, నేను యాడికి జవాబు చెప్పేదాన్ని. మధ్యలో ఆమెకు విసుగొచ్చి, మీ ముచ్చట్లు మోయడానికి నేనేం గాడిదనా అని రెండు పూటలు మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. ముదిగొండలో ఒక పుట్టువెంట్రుకల ఫంక్షన్ ఉందని బొజ్జయ్య కబురు తెస్తే నేనూ అతనూ, పాడే ఒకామే పోయి చేసివచ్చాం. అన్న రాలేదు. కీబోర్డు మీద దుప్పటి అలాగే ఉంది.

తొలకరి పడి, తండా అంతా పత్తి గింజలు పెడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నాని గారి కారు బురదలో ఊగుతూ వచ్చి మా ఇంటిముందు ఆగింది. గొడవకే వచ్చాడనుకున్నాను. ఆయన వెనక సీటులోంచి గిటార్ పెట్టె తీసి, బిడ్డను దించినట్టు మా అరుగు మీద దించాడు. కుర్చీ దులుపుకుని కూర్చున్నాడు. చాలా రోజులు ఆలోచించానన్నాడు. ఆ రోజు పక్కనుంచి వింటే అసలు సంగతి తెలిసిందన్నాడు.

"సౌండ్ అంతా నీ గిటార్లో ఉంది చెల్లెమ్మా. నేనే తెలుసుకోలేకపోయా. చవకదని చిన్నచూపు చూశాను. ఇది నువ్వు తీసుకో, అది నాకివ్వు."

నేను నవ్వలేదు. పెట్టె తెరిచి ఆయన గిటార్ తీసి, అరుగు మీదే కూర్చుని కొంతసేపు వాయించాను. మంచి గిటార్. మనిషి మీది చులకనను వస్తువు మీద చూపించడం నాకు చేతకాదు. నా దాంట్లో లేనిది ఇందులో ఏముందా అని వెతికాను. బరువు దొరికింది. తుడిచి, మళ్ళీ పెట్టెలో పెట్టి, ఆయనవైపు జరిపాను. నాది నా చేతికి కుదిరింది, ఇవ్వనని చెప్పాను.

అన్న అప్పటిదాకా గడపకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అక్కడినుంచే, గొంతు పెంచకుండానే అన్నాడు.

"గిటార్ కాదు సార్. మా చెల్లె."

నాని గారు వెంటనే తల ఊపాడు. "అదే కదయ్యా నేననేది. చెల్లెమ్మ గిటారే."

ఇక చేసేదేముంది. అది ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతుందో చెప్పాను. ఆయన ఎంతో శ్రద్ధగా ఫోన్‌తో దానికి ముందూ వెనకా ఫోటోలు తీసుకున్నాడు, తల మీది పేరును అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు, నాకు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. అచ్చం అలాంటిదే తెప్పించుకున్నాడని, వారం తిరక్కుండానే పీసు బాగా రాలేదని వాపసు పంపాడని తర్వాత బొజ్జయ్య చెప్పాడు.

అన్న చెప్పింది ఆయనకు అర్థం కాలేదు. అర్థం కావాలని అన్న ఆయనకు చెప్పనూ లేదు.

కారు మలుపు తిరిగాక మళ్ళీ వాన అందుకుంది. యాడి వాకిట్లో ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి వచ్చింది. అన్న కీబోర్డు మీది దుప్పటి తీసి మడతపెట్టాడు, స్టాండు సర్దాడు, వైరు తగిలించాడు. తర్వాత నావైపు తిరిగి, ఏ స్కేల్‌లో వాయిద్దామని అడిగాడు. కాసేపు అతన్ని అలాగే ఆగనిచ్చాను. ఆ తర్వాత చెప్పాను.